యుద్ధం బాకీ ఎవరి ఖాతాలో?

(హైదరాబాద్ బాగ్‌లింగంపల్లిలోని ఒక హాల్లో ఆదివారం సాయంత్రం జరిగిన ప్రసంగానికి ఇది రాతరూపం. మాట్లాడినవారు డిగ్రీ కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరైన ఉపాధ్యాయులు. చివర్లో అడిగిన ప్రశ్నల్లో కొన్నే ఇక్కడ ఇస్తున్నాం.)

అందరికీ నమస్కారం. నన్ను పరిచయం చేసిన మిత్రులు ఇవాళ్టి విషయం 'ఆధునిక యుద్ధాలు, కారణాలు, ఫలితాలు' అన్నారు. వినగానే నాకు పది మార్కుల ప్రశ్న గుర్తొచ్చింది. (నవ్వులు) తక్షణ కారణం, దీర్ఘకాలిక కారణాలు, ఫలితాలు అని మూడు హెడ్డింగులు, వాటి కింద స్కెచ్ పెన్నుతో గీతలు. నా ఉద్యోగమంతా ఆ పేపర్లు దిద్దడంలోనే పోయింది. కాబట్టి ఇవాళ ఆ పద్ధతి వద్దు. ఒక్క విషయం పట్టుకుని పోదాం. యుద్ధానికి డబ్బు కావాలి కదా, ఆ డబ్బు ఎవరు పెట్టారు? అప్పు తెస్తే ఎవరు తీర్చారు? తీరకపోతే ఏమైంది? ఈ లెక్క చూసుకుంటూ పోతే నాకు అర్థమైంది ఏమిటంటే, చాలా యుద్ధాలకు అసలు కారణం అంతకుముందు జరిగిన యుద్ధం తాలూకు తీరని బాకీయే. జెండాలు, నినాదాలు, మతం, జాతి ఇవేవీ లేవని కాదు. ఉన్నాయి. కానీ వాటి గురించి రోజూ టీవీలో వింటూనే ఉన్నాం, బాకీ సంగతి ఎవరూ చెప్పరు.

పల్నాటి యుద్ధం ఎందుకు వచ్చింది అంటే కోడిపందెం వల్ల అంటాం. నాగమ్మ కోడి గెలిచింది, బ్రహ్మనాయుడి వైపువాళ్లు ఊరు వదిలి పోయారు, గడువు తీరాక వచ్చి తమ భాగం అడిగితే ఇవ్వలేదు. ఆ కోడి లేకపోయినా గొడవ ఆగేది కాదు. గురజాలకూ మాచర్లకూ మధ్య పంపకం తేలలేదు, అదీ సంగతి. 1914లో సరయేవోలో ఆస్ట్రియా యువరాజును కాల్చిన తుపాకీ కూడా అలాంటి కోడే. టీవీ ఎప్పుడూ మనకు చూపించేది కోడినే. (నవ్వులు)

ఈ బాకీ కథ ఎక్కడో యూరప్‌లో మొదలుపెట్టక్కర్లేదు. ఇక్కడికి కాస్త దూరంలో గన్‌ఫౌండ్రీ ఉంది. ఇప్పుడు బ్యాంకులు, బస్టాపు. ఒకప్పుడు అక్కడ ఫిరంగులు పోతపోసేవారు. పెట్టించినవాడు రేమండ్ అనే ఫ్రెంచి ఆయన, నిజాం అలీఖాన్ కొలువులో సేనాని. ఆయన సమాధి ఇప్పటికీ మలక్‌పేట అవతల గుట్ట మీద ఉంది. 1798లో రేమండ్ చనిపోయాడు. ఆ ఏడే నిజాం ఇంగ్లీషు కంపెనీతో సైన్య సహకార ఒప్పందం చేసుకున్నాడు, ఫ్రెంచి దళాన్ని రద్దు చేశారు. ఒప్పందం సారాంశం ఇంతే. మా సైన్యం మీ రాజ్యంలో ఉంటుంది, మిమ్మల్ని కాపాడుతుంది, జీతాలు మీరివ్వాలి.

జీతాలు ఎక్కణ్నుంచి తేవాలి? 1800లో, మైసూరు యుద్ధాల్లో తన వాటాకి వచ్చిన జిల్లాలనే ఆ జీతాల కింద కంపెనీకి రాసిచ్చాడు. కడప, బళ్లారి, అనంతపురం, కర్నూలు ప్రాంతం. దత్తమండలాలు అన్నారు. రాయలసీమ అన్న పేరు 1928లో గానీ రాలేదు. సినిమా డిస్ట్రిబ్యూటర్లు ఇప్పటికీ 'సీడెడ్‌లో ఎంత కలెక్షన్' అని అడుగుతారే, ఆ సీడెడ్ అదే. అంతకుముందు 1753లో ఏలూరు, రాజమండ్రి, శ్రీకాకుళం, కొండపల్లి సర్కార్లను ఫ్రెంచి సేనాని బుస్సీకి ఇచ్చారు. అదీ ఫ్రెంచి సైన్యం జీతాలకే. అంటే కోస్తా ఒక సైన్యం బిల్లు కింద పోయింది, సీమ ఇంకో సైన్యం బిల్లు కింద పోయింది. మనం మూడు ప్రాంతాలు, మూడు యాసలు, మూడు మనస్తత్వాలు అని ఎన్నేళ్లు కొట్టుకున్నామో మీకు తెలుసు. ఆ గీతలు గీసింది యుద్ధాల జమాఖర్చు.

అక్కడితో అయిపోలేదు. హైదరాబాద్ కాంటింజెంట్ అని ఇంకో దళం పెట్టారు, దానికీ జీతాలు నిజామే ఇవ్వాలి. ఖజానాలో డబ్బు లేక పామర్ కంపెనీ లాంటి వడ్డీ వ్యాపారుల దగ్గర అప్పు చేశారు. ఆ వ్యాపారుల వెనక రెసిడెన్సీ పెద్దలు, అంటే నిజాం దగ్గర ఉండే కంపెనీ ప్రతినిధులు. కోఠీ మహిళా కళాశాల భవనంలో కూర్చున్నవాళ్లన్నమాట. అప్పు పెరిగి పెరిగి, 1853లో తన రాజ్యంలోని బేరార్ ప్రాంతాన్ని గవర్నర్ జనరల్ డల్హౌసీ ప్రభుత్వం చేతుల్లో పెట్టాల్సి వచ్చింది. దివాను మొదటి సాలార్‌జంగ్ జీవితమంతా బేరార్ వెనక్కి అడుగుతూనే ఉన్నాడు. ఏడో నిజాం మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిషువాళ్లకు ధారాళంగా డబ్బిచ్చాడు. బ్రిటిష్ వైమానిక దళంలో 110వ స్క్వాడ్రన్ పేరులోనే హైదరాబాద్ ఉండేది, ఎందుకంటే దాని మొదటి విమానాలు ఈయన కొనిపెట్టినవి. 1918లో బిరుదు ఇచ్చారు, 'బ్రిటిష్ ప్రభుత్వానికి నమ్మకమైన మిత్రుడు' అని. తర్వాత బేరార్ ఇప్పించండి అని ఉత్తరం రాస్తే, 1926లో వైస్రాయ్ రీడింగ్ ఏమన్నాడో చరిత్ర చదివినవాళ్లకు తెలుసు. ఇండియాలో కిరీటమే సర్వాధికారి, మీతో సమాన హోదాలో చర్చలు ఉండవు అన్నాడు. బిరుదు ఇచ్చారు గానీ బేరార్ ఇవ్వలేదు.

ఇదంతా పాత కథ కదా, ఆధునిక యుద్ధాలు అన్నారు కదా అని ముందు వరుసలో ఒక పెద్దాయన మొహంలో కనిపిస్తోంది. (నవ్వులు) వస్తున్నానండీ. ఇరాక్ ఎక్కువసేపు చెప్తాను, ఎందుకంటే బాకీ నుంచి యుద్ధం ఎలా పుడుతుందో ఇరాక్‌లో చూసినంత స్పష్టంగా ఇంకెక్కడా కనిపించదు.

1980 సెప్టెంబరులో సద్దాం హుస్సేన్ ఇరాన్ మీదికి పోయాడు. అక్కడ విప్లవం వచ్చి ఏడాదిన్నర, సైన్యం చెల్లాచెదురుగా ఉంది, కొన్ని వారాల్లో తేలిపోతుందనుకున్నాడు. ఎనిమిదేళ్లు పట్టింది. లక్షల మంది పోయారు. 1988లో కాల్పులు ఆగేసరికి సరిహద్దు ఎక్కడిదక్కడే ఉంది. మారింది ఒక్కటే, ఇరాక్ అప్పులు. కువైట్‌కే దాదాపు 1,400 కోట్ల డాలర్లు బాకీ. సద్దాం వాదన ఏమంటే, మీ అందరి తరఫున ఇరాన్‌తో కొట్లాడాను, ఆ అప్పు రద్దు చేయండి. కువైట్ ఒప్పుకోలేదు. పైగా నూనె ఎక్కువ తోడి ధర పడగొట్టి తనను దివాలా తీయిస్తోందని ఇతని ఫిర్యాదు. 1990 ఆగస్టు 2న బాకీ ఉన్నవాడు అప్పిచ్చినవాడి ఇంటినే ఆక్రమించుకున్నాడు. రెండు వారాలు తిరక్కముందే ఇరాన్‌తో పాత సరిహద్దుకే ఒప్పుకుంటున్నానని ప్రకటించాడు, ఇటు వైపు ఖాళీ చేసుకోవడానికి. ఎనిమిదేళ్లు చచ్చినవాళ్లు దేనికి చచ్చినట్టు? ఆ ప్రశ్న బాగ్దాద్‌లో పైకి అడిగే ధైర్యం ఎవరికుంటుంది.

తర్వాతది మీకు తెలుసు. అమెరికా, మిత్ర దేశాలు కువైట్‌ను విడిపించాయి. ఐక్యరాజ్యసమితి నష్టపరిహారం కమిషన్ పెట్టి, ఇరాక్ నూనె ఆదాయంలోంచి కోత కోసింది. మొత్తం 5,240 కోట్ల డాలర్లు. ఆ కంతులు తీరింది 2022లో. సద్దాంను ఉరితీసిన పదిహేనేళ్లకి! అంటే యుద్ధం మొదలుపెట్టినవాడు పోయాడు, అప్పటికి పుట్టని పిల్లలు కంతులు కట్టారు. జర్మనీ సంగతీ అంతే. మొదటి ప్రపంచ యుద్ధం పరిహారం కోసం అమ్మిన బాండ్ల చివరి కంతు 2010 అక్టోబరు 3న కట్టింది. గెలిచినవాళ్లకు మాత్రం తీరుబడి ఉందా? రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక బ్రిటన్ అమెరికా దగ్గర తెచ్చిన అప్పు 2006 చివర్లో తీరింది.

ఆ కమిషన్ ఇచ్చిన డబ్బులో మన వాళ్ల వాటా కూడా ఉంది. కువైట్ వదిలి రావాల్సి వచ్చిన కూలీలకు ఒక్కొక్కరికి 2,500 నుంచి 4,000 డాలర్ల చొప్పున ఇచ్చారు. రాజంపేట, రాయచోటి వైపు, గోదావరి జిల్లాల్లో కువైట్ పోని ఇల్లు తక్కువ. 1990లో జోర్డాన్ రాజధాని అమ్మాన్ మీదుగా ఎయిరిండియా రెండు నెలల్లో దాదాపు 1,70,000 మందిని తీసుకొచ్చింది. ఆ వచ్చినవాళ్లు చేతిలో సంచితో దిగారు. ఆ పరిహారం అందేసరికి ఏళ్లు గడిచాయి, ఈలోగా ఊళ్లో చేసిన అప్పుకి వడ్డీ ఆగుతుందా?

ఇక దేశం సంగతి. గల్ఫ్‌లో కాల్పులతో నూనె ధర పెరిగింది, అక్కడి నుంచి వచ్చే డబ్బు తగ్గింది. అప్పటికే మన లోటు, మన అప్పులు మనకున్నాయి, నేరమంతా సద్దాంది అనలేం. కానీ చివరి దెబ్బ అదే. 1991 జులైలో రిజర్వు బ్యాంకు దాదాపు 47 టన్నుల బంగారం విమానాల్లో పంపించి తాకట్టు పెట్టింది. అప్పుడు ప్రధాని మన వంగరవాసి పీవీ గారు. తర్వాత ఆర్థిక సంస్కరణలు, ఆ తర్వాత సాఫ్ట్‌వేరు, మాదాపూర్. హైటెక్ సిటీ పునాదుల్లో కువైట్ యుద్ధం ఇసుక కూడా కొంత ఉందని నేనంటే ఐటీ వాళ్లు ఒప్పుకోరు. (నవ్వులు)

మళ్లీ ఇరాక్. 2003 ఫిబ్రవరి 5న అమెరికా విదేశాంగ మంత్రి కొలిన్ పావెల్ భద్రతా మండలిలో చిన్న సీసా చూపించి, సద్దాం దగ్గర సామూహిక విధ్వంసక ఆయుధాలున్నాయని చెప్పాడు. మార్చిలో దాడి. మే 1న బుష్ విమానవాహక నౌక మీద నిలబడి ప్రధాన పోరాటం ముగిసింది అన్నాడు. ఆయుధాలు దొరకలేదు. అదే మే నెలలో అమెరికా అధికారి ఒక ఉత్తర్వుతో ఇరాక్ సైన్యాన్ని మొత్తం రద్దు చేశాడు. లక్షల మందికి రాత్రికి రాత్రి జీతం పోయింది, తుపాకీ మాత్రం ఇంట్లోనే ఉంది. పని పోయిన సైనికుడు ఏం చేస్తాడు? ఆ సైన్యం అధికారుల్లో కొందరు తర్వాత ఐసిస్ అనే ఉగ్రవాద సంస్థలో తేలారు. 2014 జూన్‌లో మోసుల్ పడిపోయింది. అక్కడ పనికి పోయిన 39 మంది భారతీయ కూలీలు చంపబడ్డారని మన ప్రభుత్వం నిర్ధారించడానికి 2018 మార్చి దాకా పట్టింది. ముప్పై నాలుగేళ్లలో వరసగా మూడు యుద్ధాలు, ఒక ఐసిస్. ఒకదాని బిల్లు ఇంకోదానికి పెట్టుబడి అయింది.

లిబియా గురించి రెండు ముక్కలు చాలు. 2011లో గడాఫీ కూలాక అతని దగ్గర పనిచేసిన తువారెగ్ అనే ఎడారి తెగ యోధులు ఆయుధాలతో సహా మాలీకి తిరిగి వెళ్లారు. 2012లో మాలీలో తిరుగుబాటు, ఆపైన సైనిక కుట్ర. ఆ మంట సహారాకు దక్షిణాన ఉన్న సాహెల్ ప్రాంతమంతా పాకింది.

సూడాన్ దగ్గర కాస్త ఆగుదాం. మన పత్రికల్లో దీనికి రెండు అంగుళాల చోటు దొరకదు. టోలీచౌకి వైపు పోతే సూడాన్ విద్యార్థులు కనిపిస్తారు, అడగండి, చెప్తారు. 2003లో దేశం పడమట ఉన్న డార్ఫర్‌లో తిరుగుబాటు వస్తే అధ్యక్షుడు బషీర్ ప్రభుత్వం సొంత సైన్యాన్ని నమ్ముకోలేదు. జంజవీద్ అనే గుర్రపు దండులకు ఆయుధాలిచ్చి ఊళ్ల మీదికి తోలింది. 2013లో వాళ్లకే యూనిఫాం వేసి ఆర్‌ఎస్‌ఎఫ్ (రాపిడ్ సపోర్ట్ ఫోర్సెస్) అని పేరు పెట్టింది. వాళ్ల నాయకుడు హెమెద్తీ బంగారు గనులు పట్టుకున్నాడు, మనుషులను యెమెన్ యుద్ధానికి పంపి డబ్బు సంపాదించాడు. 2019లో బషీర్‌నే దించారు. 2021లో సైన్యాధిపతి బుర్హాన్, హెమెద్తీ కలిసి పౌర ప్రభుత్వాన్ని కూలదోశారు. 2023 ఏప్రిల్ 15న ఇద్దరూ ఒకరి మీద ఒకరు పడ్డారు. కోటి మందికి పైగా ఇళ్లు వదిలి పోయారు, కరువు వచ్చింది. 2025 అక్టోబరులో డార్ఫర్‌లోని అల్ ఫాషిర్ నగరం ఆర్‌ఎస్‌ఎఫ్ చేతికి చిక్కాక ఏం జరిగిందో ఇక్కడ వర్ణించను, పిల్లలున్నారు.

సూడాన్ బంగారంలో చాలా భాగం దుబాయ్ చేరుతుంది. ఒకసారి కరిగించాక బంగారానికి ఊరు పేరు ఉండదు. మన నగల షాపుల్లో హాల్‌మార్కు స్వచ్ఛత చెప్తుంది గానీ ఎవరి గనిలోంచి వచ్చిందో చెప్పదు.

జీతమిచ్చి పెట్టుకున్న దండు తిరగబడటం మనకు కొత్త కాదు. మన నగరంలోని బార్కస్‌లో ఉన్న అరబ్బు కుటుంబాల పూర్వికులు యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి నిజాం కొలువుకి వచ్చిన సైనికులే. జీతాలు బాకీ పడితే ఆ రోజుల్లో దండులు దర్బారు మనుషుల ఇళ్ల ముందే కూర్చునేవి. ఇవాళ బార్కస్‌లో యెమెన్ వార్త పరాయి వార్త కాదు, చుట్టాలున్నారు. ఇంకో చేదు విషయం. కిరాయి సైన్యాల కాలం అయిపోయింది అనుకున్నాం. 2024లో మన నగరం కుర్రాడే ఒకడు రష్యా వైపు యుద్ధరంగంలో చనిపోయాడు. హెల్పర్ ఉద్యోగం అని ఏజెంట్లు చెబితే పోయాడు. ఆ ఇంట్లో ఇంకా చిన్న పిల్లలున్నారు.

ఇప్పుడు అసలు యుద్ధం అన్న మాటే ఎవరూ వాడటం లేదు. 1945 ఐక్యరాజ్యసమితి చార్టర్ బలప్రయోగం నిషేధించింది, ఆత్మరక్షణకు 51వ అధికరణం కింద వీలిచ్చింది. అందుకని ప్రతి దాడీ ఆత్మరక్షణే అయిపోయింది. అమెరికా లాంఛనంగా యుద్ధం ప్రకటించింది చివరిసారి 1942లో. కొరియా, వియత్నాం, ఇరాక్ ఏవీ ప్రకటించినవి కావు. 2022 ఫిబ్రవరి 24న రష్యా చేసింది 'ప్రత్యేక సైనిక చర్య'. ప్రకటన లేదు కాబట్టి ముగింపు కూడా ఉండదు. కొరియాలో 1953 జులై 27న కాల్పుల విరమణ అయింది, శాంతి ఒప్పందం ఇప్పటిదాకా లేదు. ఉప్సాలా విశ్వవిద్యాలయం వాళ్ల లెక్కలో 2024లో ప్రభుత్వాలు పాల్గొన్న సంఘర్షణలు 61. వాళ్ల లెక్కలు మొదలయ్యే 1946 నుంచి ఇంత ఎక్కువ ఎన్నడూ లేవు.

ఆయుధాల ఖర్చు చూడండి. 2024లో ప్రపంచం సైన్యాల మీద పెట్టింది 2,71,800 కోట్ల డాలర్లు. ఒక్క ఏడాదిలో 9.4 శాతం పెరిగింది. డ్రోన్లు వచ్చాక యుద్ధం చవకైంది అంటారు. దాడి చేసేవాడికి చవకే. ఇరాన్ షాహెద్ రకం డ్రోను కొన్ని పదివేల డాలర్లకు తయారవుతుంది, దాన్ని కూల్చే పేట్రియాట్ క్షిపణి ఒక్కటే ముప్పై నలభై లక్షల డాలర్లు. కాపాడుకునేవాడు ముందు దివాలా తీస్తాడు. 2023 నవంబరు నుంచి యెమెన్‌లోని హౌతీ తిరుగుబాటుదారులు ఎర్ర సముద్రంలో ఓడల మీద దాడులు చేస్తే, పెద్ద కంపెనీల ఓడలు ఆఫ్రికా చుట్టూ తిరిగి పోయాయి. ఆ కిరాయి, ఆ ఇన్సూరెన్సు చివరికి ఎవరు కట్టారు? కొనేవాళ్లు. 2022 మార్చిలో సన్‌ఫ్లవర్ నూనె ప్యాకెట్ ధర గుర్తుందా అమ్మా? అప్పటిదాకా మనం దిగుమతి చేసుకున్న సన్‌ఫ్లవర్ నూనెలో పెద్ద వాటా ఉక్రెయిన్‌ది. ఒడెస్సా రేవు మూతపడితే చిక్కడపల్లిలో పూరీలు తగ్గాయి. (నవ్వులు)

మన ఊరి సంగతి దాటేసి పోతే అది న్యాయం కాదు. కంచన్‌బాగ్‌లో క్షిపణులు తయారుచేసే బీడీఎల్, ప్రత్యేక లోహాలు తయారుచేసే మిధాని, డీఆర్‌డీవో రక్షణ ప్రయోగశాలలు ఉన్నాయి. 2018 డిసెంబరులో అదానీ వాళ్లు ఇజ్రాయెల్ ఎల్బిట్‌తో కలిసి నగర శివార్లలో హెర్మిస్ 900 డ్రోన్ల ఫ్యాక్టరీ తెరిచారు. 2020లో ఆర్మేనియా 44 రోజుల్లో అజర్‌బైజాన్ చేతిలో ఓడింది, ఆ ఓటమిలో డ్రోన్ల పాత్ర చాలా ఉంది. తర్వాత ఆర్మేనియా మన దగ్గర ఆకాశ్ క్షిపణులు కొంది. ఆకాశ్ తయారుచేసేది బీడీఎల్. అక్కడి ఓటమి ఇక్కడ ఆర్డరు. నా దగ్గర చదువుకున్న పిల్లలు అక్కడ పనిచేస్తున్నారు, మంచి ఉద్యోగాలు, నేను సంతోషించాను కూడా. ఆ ఫ్యాక్టరీలు మూసేయమని నేను చెప్పను. చుట్టూ ఆయుధాలున్న చోట ఆయుధం లేకుండా కూర్చునే దేశం ఉండదు. కానీ గన్‌ఫౌండ్రీ నుంచి కంచన్‌బాగ్ దాకా ఈ ఊరికి యుద్ధం ఒక జీవనోపాధి అన్న సంగతి తెలిసి మాట్లాడాలి. యుద్ధం గురించి మనం గట్టున కూర్చుని మాట్లాడేవాళ్లం కాదు.

ఫలితాల్లో ఒక్కటి చెప్పి ముగిస్తాను. లావోస్. 1964 నుంచి 1973 దాకా అమెరికా అక్కడ 20 లక్షల టన్నులకు పైగా బాంబులు వేసింది. లావోస్‌తో యుద్ధం ప్రకటించలేదు. క్లస్టర్ బాంబుల్లోంచి రాలిన చిన్న గుండ్లు 27 కోట్లు, వాటిలో 30 శాతం దాకా పేలలేదు. జామకాయంత ఉంటాయి. ఇప్పటికీ నాగలికి తగులుతాయి, పిల్లలు ఆడుకోవడానికి తీస్తారు. పొలం ఉండీ దున్నుకోలేని రైతు ఏ లెక్కలోకి వస్తాడు? వేసినవాళ్లు ఆ పేలని గుండ్లు తీయడానికి ఇచ్చింది వేయడానికి పెట్టిన దాంట్లో పిసరంత. ఇక వలసలు, ఐరాస శరణార్థుల సంస్థ లెక్కన 2024 చివరికి ఇల్లు వదిలి బతుకుతున్నవాళ్లు 12 కోట్ల 32 లక్షలు. రెండు తెలుగు రాష్ట్రాల జనాభా కలిపినా అంత ఉండదు.

ఇక ప్రశ్నలు అడగండి.

(మధ్య వరుసలోంచి ఒకాయన: సార్, మీరు చెప్పేది వింటే ఏ యుద్ధమూ చేయకూడదన్నట్టుంది. మరి 1971?)

మంచి ప్రశ్న సార్. 1971 చేయాల్సిన యుద్ధమే అని నా అభిప్రాయం. తూర్పు పాకిస్తాన్ నుంచి కోటి మంది శరణార్థులు వచ్చారు, అక్కడ ఊచకోత జరుగుతోంది. డిసెంబరు 3న మొదలై 16న అయిపోయింది, 93,000 మంది లొంగిపోయారు. చెప్పిన లక్ష్యం నెరవేరిన యుద్ధాలు వేళ్ల మీద లెక్కపెట్టచ్చు, వాటిలో అదొకటి. అయితే దానికీ బిల్లు వచ్చింది. మీ వయసువాళ్లకు గుర్తుండాలి, 1971 నవంబరు నుంచి ప్రతి ఉత్తరానికీ అయిదు పైసల శరణార్థి సహాయ స్టాంపు అదనంగా అంటించాలి. (సభలో ఒకరు: అవునవును, ఉండేది.) ఆ అయిదు పైసలు మనం ఇష్టంగానే కట్టాం అనుకుంటాను. ఎందుకు కడుతున్నామో తెలుసు. ఎంత కడుతున్నామో స్టాంపు మీదే అచ్చు వేశారు. అలా ముందే చెప్పి వసూలు చేసిన యుద్ధాలు ఎన్ని?

(ఒక విద్యార్థిని: అణుబాంబు ఉంటే పెద్ద యుద్ధం రాదు అంటారు కదా సార్?)

పెద్దది రాలేదమ్మా, ఇప్పటిదాకా. చిన్నవి ఆగలేదు. 1998లో మనమూ పాకిస్తానూ పరీక్షలు చేశాం, 1999లోనే కార్గిల్, మన సైనికులు 527 మంది పోయారు. 2025 ఏప్రిల్ 22న పహల్గాంలో 26 మందిని కాల్చి చంపాక, మే 7 నుంచి 10 దాకా ఏం జరిగిందో చూశాం. మే 7 సాయంత్రం ఇక్కడ కంచన్‌బాగ్‌లో, గోల్కొండలో సైరన్లు మోగించి మాక్ డ్రిల్ చేశారు. ఆ రాత్రుల్లో టీవీ పెడితే కరాచీ రేవు తగలబడిపోయింది అన్నారు. తెల్లారి చూస్తే అదేమీ లేదు. రెండు అణ్వస్త్ర దేశాల మధ్య అబద్ధం వార్త ఎంత దూరం పోగలదో ఆలోచించు. మందుగుండు కంటే నాకు దాని భయమే ఎక్కువ.

(వెనక వరుసలోంచి ఒక యువకుడు: సార్, ఉక్రెయిన్, గాజా బాకీ ఎవరు తీరుస్తారు?)

ఉక్రెయిన్ పునర్నిర్మాణానికి పదేళ్లలో 52,400 కోట్ల డాలర్లు కావాలని 2025 ఫిబ్రవరిలో ప్రపంచ బ్యాంకు, మిగతా సంస్థలు కలిసి అంచనా వేశాయి. రష్యావి దాదాపు 30,000 కోట్ల డాలర్ల ఆస్తులు పాశ్చాత్య దేశాల్లో స్తంభించి ఉన్నాయి. 2024లో జీ7 దేశాలు ఆ అసలు ముట్టుకోకుండా, దాని మీద వచ్చే లాభం చూపించి 5,000 కోట్ల డాలర్ల అప్పు ఏర్పాటు చేశాయి. 2025 ఏప్రిల్ 30న అమెరికాతో ఖనిజాల ఒప్పందం మీద ఉక్రెయిన్ సంతకం చేసింది. మన 1800 నాటి ఒప్పందం చదివినవాళ్లకు అది ఎక్కడో విన్నట్టుంటుంది. తేడాలు చాలా ఉన్నాయి, ఒప్పుకుంటాను. ఇక్కడ భూమి రాసివ్వలేదు, భవిష్యత్తు ఆదాయంలో వాటా మాత్రమే. అయినా సాయం చేసినవాడు ఒక రోజు కాగితం తీసుకుని వస్తాడు అన్నది మారలేదు.

గాజాకి అలాంటివి కూడా లేవు. తాకట్టు పెట్టడానికి గనుల్లేవు, ఎవరూ స్తంభింపజేసి ఉంచిన ఆస్తుల్లేవు. పునర్నిర్మాణానికి 5,300 కోట్ల డాలర్లని అదే ఫిబ్రవరిలో అంచనా వేశారు. శిథిలాలే 5 కోట్ల టన్నులు, వాటిని తీయడానికి 21 ఏళ్లు, 120 కోట్ల డాలర్లు పడుతుందని ఐక్యరాజ్యసమితి చెప్పింది. అది 2025 జనవరి నాటి లెక్క బాబూ. ఆ మార్చిలో మళ్లీ బాంబులు మొదలై అక్టోబరు దాకా పడ్డాయి. కొత్త లెక్క వేస్తే ఇంకా పెరుగుతుంది. కడతామని సంతకం పెట్టినవాళ్లు మాత్రం నాకు కనిపించలేదు.

మైకు వెనక్కి ఇవ్వండి, ఆ అమ్మాయి ఇందాకట్నుంచి చెయ్యెత్తి ఉంది. హాలువాళ్లు టైమయింది అంటున్నారా? సరే, కింద టీ దగ్గర మాట్లాడుకుందాం.